బాపుకు ఎక్కించిన మందు

అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను కల్వకుర్తిలో నా కుట్టు దుకాణంలో ఉన్నాను. పెళ్లిళ్ల కాలం. మిషను పక్కన జాకెట్లు కుప్పగా పడి ఉన్నాయి. అమ్మ ఎప్పుడు ఫోన్ చేసినా ముందు పిల్లల సంగతి అడుగుతుంది, తర్వాత వానల సంగతి చెబుతుంది. అసలు మాట చివరికెప్పుడో వస్తుంది. ఆ రోజు అవేవీ లేవు.

“బిడ్డా, మీ బాపు ఎట్లెట్లనో చేస్తుండు. జర జల్ది రా.”

“జ్వరం తగ్గలేదా?”

“జ్వరం సంగతి కాదే. నన్ను కొట్టిండు.”

మా బాపు చెయ్యెత్తే మనిషి కాదు. మందలో మొండి పొట్టేలును కూడా నాలుకతో టక్కుమనిపించి దారికి తెచ్చుకునేవాడు తప్ప కట్టె వాడేవాడు కాదు. దుకాణం షట్టర్ దించి, పిల్లలను పక్కింట్లో అప్పజెప్పి, మా ఆయనకు ఫోన్లో చెప్పి బస్సెక్కాను.

తెలంగాణ వచ్చి అప్పటికి కొన్నేళ్లయింది. సర్కారు గొర్రెలు పంచిన మరుసటి ఏడు. మా ఊరు కట్టంగూర్ దగ్గర హైవే దిగి లోపలికి పోవాలి. కల్వకుర్తి నుంచి దేవరకొండ, అక్కడి నుంచి నల్గొండ, అక్కడి నుంచి మళ్లీ ఇంకో బస్సు. దారిపొడవునా అమ్మతో ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాను. జ్వరం వచ్చి నాలుగైదు రోజులైందట. ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేస్తే దిగి మళ్లీ ఎక్కిందట. తలనొప్పి అన్నాడట. తర్వాత ఏదో కాలుతున్న వాసన వస్తోందని అడగడం మొదలుపెట్టాడట. అమ్మ పొయ్యిలో నీళ్లు పోసింది, కొట్టం చుట్టూ తిరిగి చూసింది, ఎక్కడా ఏమీ కాలడం లేదు. అయినా అడుగుతూనే ఉన్నాడు. ఆ పొద్దున చెప్పులు తీసుకుపోయి మంచినీళ్ల బిందెలో వేశాడు. ఇదేం పని అని అమ్మ అడిగితే కొట్టాడు.

ఇంటికి చేరేసరికి వాకిట్లో జనం. కోసిన నిమ్మకాయలు, పసుపు, వేపమండలు. మా చిన్నాయిన, అంటే బాపు తమ్ముడు, పక్కూరి నుంచి ఒక మంత్రగాణ్ని తీసుకొచ్చాడు. బాపును మంచానికి కట్టేశారు. జీవాలను కట్టే తాడు అది.

“ఎందుకు కట్టిండ్రు?” అని అరిచాను.

“కట్టకపోతే ఏం జేయమంటవ్ బిడ్డా? రోడ్డు మీదికి ఉరుకుతుండు,” అన్నాడు చిన్నాయిన. ఆయన మోచేతి మీద బాపు గోళ్ల గీతలున్నాయి. “గాలి సోకింది. అడవిల ఒక్కడే మంద ఏస్తడు కద.”

నేను దగ్గరికి పోయి తాడు విప్పబోయాను. బాపు నా ముఖం చూసి నెమ్మదించాడు.

“అవ్వా,” అన్నాడు. “ఏం కాల్తాందే? బొచ్చు కాలిన వాసన వస్తాంది.”

ఆయన్ను కన్న అవ్వ పోయి ఎన్నో ఏళ్లు. నేను ఆయన బిడ్డను. ఏం చెప్పాలో తెలియక “ఏం లేదు బాపు, ఏం కాల్తలేదు” అంటూ నుదురు మీద చెయ్యి పెట్టాను. పెనం మీద పెట్టినట్టుంది. అంతలోనే ఆయన మూతి ఒక పక్కకు గుంజుకుపోయింది. కళ్లు పైకి తేలాయి. కాళ్లూ చేతులూ మంచం పట్టీలను ధనధన కొట్టాయి. అమ్మ ఆయన మీద పడి ఏడుస్తోంది. మంత్రగాడు తన సంచి సర్దుకుని “ఇది ముదిరింది, నా చేతుల లేదు” అంటూ జనం మధ్య నుంచి వెళ్లిపోయాడు.

అంబులెన్సు వచ్చేదాకా ఎలా గడిచిందో నాకు సరిగా గుర్తు లేదు. బాపు నోటి నుంచి కారుతున్న నురగను నా కొంగుతో తుడుస్తూ ఉండడం మాత్రం గుర్తుంది.

నల్గొండలో ఒక దవాఖానలో చేర్చుకున్నారు. మమ్మల్ని చూసిన డాక్టరమ్మకు నా వయసే ఉంటుంది. సన్నగా, నిద్ర చాలని కళ్లతో ఉంది. జ్వరం ఎప్పుడొచ్చింది, వాసన అన్నది ఎప్పుడు, కొట్టింది ఎప్పుడు అని అమ్మను నెమ్మదిగా అడిగింది. వాసన మాట విన్నప్పుడు రాస్తున్న పెన్ను ఆపి ఇంకోసారి అడిగింది. తర్వాత నన్ను పక్కకు పిలిచింది.

“మెదడుకు వైరస్ పాకినట్టుందమ్మా. తల స్కానింగ్ తీయాలె. నడుము దగ్గర సూదిపెట్టి వెన్నులోంచి కొంచెం నీరు తీసి పరీక్షకు పంపాలె.”

చిన్నాయిన అడ్డం పడ్డాడు. “నడుములకెల్లి నీరు తీస్తే మనిషి మంచాన వడ్తడు. మా ఊర్ల ఒకాయనకు గట్లనే అయింది. వద్దు.”

అమ్మ నా వైపు చూసింది. అన్నదమ్ములు లేని ఇంట్లో పెద్దబిడ్డను నేను. నేను డాక్టరమ్మను అడిగాను. “మేడం, ఈయన మీ బాపే అయితే ఏం చేస్తరు?”

“ఇదే చేస్త,” అంది. “రిపోర్టు హైదరాబాద్ నుంచి రావాలె. అది వచ్చేదాకా ఆగను. మందు ఇప్పుడే మొదలుపెడ్త. మనం ఆగినా వైరస్ ఆగదు.”

నేను సరే అన్నాను.

స్కానింగ్‌లో కణతల లోపలి భాగం ఒకవైపు ఎక్కువగా, ఇంకోవైపు కొద్దిగా వాచి కనిపించింది. ఎసైక్లోవిర్ అనే మందును సెలైన్‌లో కలిపి పూటకొకసారి, రోజుకు మూడు పూటలు ఎక్కించడం మొదలుపెట్టారు. పిల్లలకు అమ్మవారు పోసినప్పుడు, పెద్దలకు సర్పి లేచినప్పుడు మాత్రలుగా ఇచ్చే మందు అదేనట. బాపుకు మాత్రలు చాలవు, మెదడు దాకా పోవాలంటే రక్తంలోకి నేరుగా పెద్ద మోతాదు పోవాలి అన్నారు.

ఏ వైరస్ అనుకుంటున్నారో చెప్పినప్పుడు నేను నమ్మలేదు. జ్వరమొస్తే పెదవి మీద పొక్కులు లేస్తాయి చూడండి, ఆ పొక్కుల వైరసే. మా ఇంట్లో అందరికీ వచ్చినవే. నాకు ప్రతి ఎండాకాలం వస్తాయి. పసుపు రాసి ఊరుకుంటాం.

“గింత పొక్కు పురుగు మెదడుకు ఎట్ల పోతది మేడం?”

“చాలామందిలో ఎప్పుడూ నిద్రపోయే ఉంటదమ్మా. ఎక్కడో ఒకరికి పైకెక్కుతది. ఎందుకు ఆయనకే ఎక్కిందంటే ఎవరూ చెప్పలేరు.”

“మరి ఈ మందు దాన్ని చంపుతది కద?”

ఆమె నువ్వేం పని చేస్తావని అడిగింది. బట్టలు కుడతానన్నాను.

“అయితే జిప్పు తెలుసు కద. వైరస్ మన కణంలోకి పోయి తనలాంటివే ఇంకా ఇంకా తయారు చేసుకుంటది. జిప్పుకు పన్ను పక్కన పన్ను అతికించుకుంటూ పోయినట్టు. ఈ మందు చూడటానికి ఆ పన్ను లెక్కనే ఉంటది, కానీ దాని పక్కన ఇంకో పన్ను అతకదు. వైరస్ ఇది కూడా అసలుదే అనుకొని పెట్టుకుంటది. జిప్పు అక్కడికే ఆగిపోతది. కొత్త వైరస్ పుట్టదు. ఉన్నదాన్ని మన ఒంట్లో బలమే మెల్లగ ఊడ్చేస్తది.”

“మంచి కణాలల్లకు గూడ పోతది కద మందు?”

“పోతది. కానీ అక్కడ ఊరికే పడి ఉంటది. వైరస్ దగ్గర ఉన్న ఒక పదార్థం తగిలితేనే ఈ మందు పని మొదలుపెడ్తది. అందుకే మనిషిని పెద్దగ బాధపెట్టకుండా వైరస్‌ను పట్టుకుంటది.” ఆమె మళ్లీ అంది. “ఇది ఆపే మందు. ఇప్పటికే పోయినదాన్ని వాపసు తేలేదు. అది మీరు గుర్తుపెట్టుకోవాలె.”

నాకు మొదటి మాటలే వినిపించాయి. ఆపుతుంది అంది, అంతే చాలు అనుకుని అమ్మ దగ్గరికి ఉరికాను. చివరి మాట అమ్మకు చెప్పలేదు. అది నా చెవిలో పడింది కానీ లోపలికి పోలేదు.

బాపు ఐసీయూలో ఉంటే మేం బయట వరండాలో చాపలేసుకుని ఉండేవాళ్లం. మా పక్కన మిర్యాలగూడ వైపు నుంచి వచ్చిన ఒకామె. ఆమె కొడుక్కి డెంగ్యూ. ఎదిగిన కొడుకు, పెళ్లి కుదిరిందట. నేను అమ్మకు మందు గురించి చెబుతుంటే విని, డాక్టరమ్మ బయటికి రాగానే పోయి చేతులు పట్టుకుంది.

“వాళ్లకు ఎక్కిస్తున్న మందే మావోడికి గూడ ఎక్కియ్యుండ్రి మేడం. నీ కాల్మొక్త. అది గూడ వైరసే అన్నరు కద!”

“అన్ని వైరస్‌లకూ ఒకటే మందు ఉండదమ్మా. ఒక తాళానికి ఒకటే చెవి. దీనికి ఆ మందు పని చెయ్యదు.”

“మరి దేనికి ఏ మందో గదే ఇయ్యుండ్రి!”

“డెంగ్యూకు మందు ఇంకా లేదు. నీళ్లు సరిగ్గ ఎక్కించి, రక్తం చూసుకుంటూ ఆయన తేరుకునేదాకా కాపాడాలె. అదే చేస్తున్నం.”

“మందే లేదా?” అని ఆమె గోడకు జారి కూర్చుంది. ఆ మాటను ఆ వరండాలో అందరికీ వినిపించేలా అంటూనే ఉంది. మందే లేదట. మందే లేదట. నాకు సిగ్గేసింది కానీ, మాకు మందు ఉంది కదా అని లోలోపల ఊపిరి పీల్చుకున్నాను. కొన్ని రోజులకు ఆ పిల్లవాడు తేరుకుని, తన కాళ్ల మీద తాను నడుచుకుంటూ తల్లితో ఇంటికి పోయాడు. ఆమె అమ్మ చేతిలో రెండు బత్తాయి పండ్లు పెట్టి వెళ్లింది. అమ్మ అవి తినలేకపోయింది.

బాపుకు ఫిట్స్ తగ్గాయి, జ్వరం దిగింది. వార్డుకు మార్చారు. హైదరాబాద్ నుంచి రిపోర్టు వచ్చింది, డాక్టరమ్మ అనుకున్న వైరసే. మందు ఇంకా రెండు వారాల పైనే ఎక్కాలన్నారు. ఎక్కించే చెయ్యి నరం వెంట ఎర్రగా కమిలి వాచింది. ముట్టుకుంటే బాపు పసిపిల్లాడిలా ఏడ్చేవాడు. ఆ చేతి నుంచి ఈ చేతికి, మళ్లీ ముంజేతికి మార్చారు. మందు నెమ్మదిగా దిగాలి, నీళ్లు బాగా పోవాలి, మూత్రం ఎంత వస్తోందో చూస్తూ ఉండండి అని సిస్టర్ రోజూ చెప్పేది.

ఉన్నట్టుండి మూత్రం తగ్గింది. సంచిలో అడుగున కొద్దిగా, టీ డికాషన్ రంగులో ఉంది. రక్తం పరీక్ష చేస్తే క్రియాటినిన్ పెరిగింది, కిడ్నీలు సరిగా పనిచేయడం లేదన్నారు. కొంచెం కొంచెం మాట్లాడుతున్న బాపు మళ్లీ కలవరించసాగాడు. చేతులు వణుకుతున్నాయి. గోడ మీద ఎవరో ఉన్నారని వేలు చూపాడు.

“వైరస్ మళ్లీ వచ్చిందా?” అని అడిగాను.

“చెప్పలేను,” అంది డాక్టరమ్మ. ఆమె ఆ మాట అనడం అదే మొదటిసారి. “ఈ మందు కిడ్నీల నుంచే బయటికి పోవాలె. తొందరగా ఎక్కినా, ఒంట్లో నీళ్లు తక్కువైనా లోపల చక్కెర పలుకుల్లాగ గడ్డకట్టి కిడ్నీకి అడ్డం పడ్తది. అప్పుడు మందు బయటికి పోక ఒంట్లోనే నిలిచిపోతది. అది ఎక్కువైనా మనిషి ఇట్లనే కలవరిస్తడు. ఇది రోగమో మందో రెండు రోజులు చూస్తే గాని తెల్వదు.”

“అయితే మందు ఆపుండ్రి మేడం.”

“ఆపితే మెదడు పోతది.”

“ఆపకపోతే?”

ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది. మోతాదు తగ్గించి, ఎక్కించే వేళల మధ్య దూరం పెంచి, సెలైన్ ఎక్కువ పెట్టింది. అవసరమైతే డయాలసిస్ చేస్తామంది. అమ్మ మంచం కోడు పట్టుకుని “నాకు మనిషిని ఇయ్యుండ్రి, ఎట్లున్నా ఇయ్యుండ్రి” అని దేవుణ్ని అడుగుతోందో డాక్టర్ని అడుగుతోందో తనకే తెలియకుండా అడుగుతూ ఉంది.

ఆ సాయంత్రం చిన్నాయిన నన్ను దవాఖాన బయట చాయ్ బండి దగ్గరికి తీసుకుపోయాడు. చాయ్ తాగలేదు. గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు.

“నేనే తిప్పిన బిడ్డా.”

“ఏంది?”

“ఆ పైపుకు చిన్న చక్రం ఉంటది సూడు. సుక్క సుక్క పడుతుంటే నా పాణం ఆగలే. జల్ది ఎక్కితే జల్ది తగ్గుతడని... రెండు మూడుసార్లు తిప్పిన. సిస్టర్ వచ్చేసరికి మళ్ల తక్కువ జేసిన.” ఆయన గ్లాసులో చాయ్ మట్టిలో పారబోశాడు. “మంత్రగాన్ని తెచ్చింది నేనే. గిది జేసింది నేనే. మా అన్నను నేనే సంపుకుంటున్ననా?”

కోపంతో తిట్టబోయాను. ఆయన అప్పటికే వంగిపోయి ఉన్నాడు. చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయి చెప్పించాను. ఆమె ముఖం ఎర్రబడింది. కానీ తిట్టలేదు. “చెప్పి మంచి పని చేసిండ్రు. కారణం తెలిసింది,” అంది. ఆ తర్వాత మందు ఎక్కినంతసేపూ సిస్టర్ దగ్గరే నిలబడేది. చిన్నాయిన వార్డు లోపలికి రావడం మానేసి గేటు దగ్గర కూర్చునేవాడు.

మూత్రం మెల్లగా పెరిగింది. రంగు పలచబడింది. గోడ మీద మనుషులు పోయారు. అంటే ఆ కలవరం మందుదే, రోగం మళ్లీ రాలేదు. మోతాదు మళ్లీ సరిచేశారు. ఒక ఉదయం బాపు కళ్లు తెరిచి అమ్మను పేరు పెట్టి పిలిచాడు. అమ్మ పరుగెత్తి పోయి గేటు దగ్గరున్న చిన్నాయినకు చెప్పింది. వాళ్లిద్దరూ రోడ్డు మీదే ఏడ్చారు.

మందు పూర్తయ్యాక ఇంటికి తెచ్చుకున్నాం. బాపు చిక్కిపోయాడు కానీ నవ్వుతున్నాడు. అన్నం తిన్నాడు. తిన్న కాసేపటికి “ఇంక అన్నం పెట్టవా?” అని అడిగాడు. దవాఖానలో ఉన్న సంగతే ఆయనకు గుర్తు లేదు. చెబితే “అట్లనా?” అని ఆశ్చర్యపోయేవాడు. కాసేపటికి మళ్లీ చెబితే మళ్లీ అంతే ఆశ్చర్యపోయేవాడు. నీరసం తగ్గితే అదే సర్దుకుంటుందనుకున్నాం.

చిన్నాయిన మందను ఇంటి ముందుకు తోలుకొచ్చాడు. అన్నను చూసుకుని జీవాలు, జీవాలను చూసుకుని అన్న సంతోషపడతారని ఆయన ఆశ. గొర్రెలు అరుస్తూ వాకిట్లోకి వచ్చాయి. బాపు అరుగు మీద కాళ్లు పైకి ముడుచుకున్నాడు.

“ఇవేంది?” అన్నాడు.

“ఏందన్నా, మన గొర్లు.”

“గొర్లంటే?”

చిన్నాయిన నవ్వబోయి ఆగిపోయాడు. నేను లోపలి నుంచి బొచ్చు కత్తెర తెచ్చి చూపించాను. “కత్తెర” అన్నాడు, బొచ్చు ఎలా తీస్తారో చేత్తో చూపించాడు. గొంగడి చూపిస్తే గొంగడి అన్నాడు. చెంబు, మోకు, టార్చిలైటు, అన్నీ చెప్పాడు. గొర్రెను చూపిస్తే చాలాసేపు చూసి “ఏదో జంతువు” అన్నాడు. మేకనూ అంతే. అరుగు కింద పడుకున్న మా కుక్కనూ అంతే. ఏది ఏమిటో, అది కరుస్తుందో పాలిస్తుందో, ఆయనకు తెలియడం లేదు. ప్రతి గొర్రె తల్లినీ, దాని తల్లినీ చెప్పగలిగిన మనిషి అరుగు మీద కాళ్లు ముడుచుకుని “వీటిని తోలుండ్రి, భయమైతాంది” అన్నాడు.

తిరిగి చూపించడానికి నల్గొండ పోయినప్పుడు డాక్టరమ్మ కొత్త స్కానింగ్ చూసి, ఆ వైరస్ తిన్న చోట అలాంటి జ్ఞానం ఉంటుందని చెప్పింది. ప్రాణమున్న వాటిని గుర్తుపట్టడం పోయి, వస్తువులు మిగలడం ఈ రోగంలో కొందరికి జరుగుతుందట. కొత్తవి గుర్తుపెట్టుకునే శక్తి కూడా అక్కడే ఉంటుందట. కొంత మెరుగవ్వచ్చు, పూర్తిగా రాకపోవచ్చు అంది. అప్పుడు అర్థమైంది నాకు, మొదటిరోజు ఆమె గుర్తుపెట్టుకోమన్న మాట.

అమ్మకు అర్థం కాలేదు. నేను కల్వకుర్తికి వచ్చేశాక, దవాఖాన కాగితం చూపించి మెడికల్ షాపులో అదే పేరున్న మాత్రలు తెప్పించి బాపుకు వేయడం మొదలుపెట్టింది. అంతకుముందు పనిచేసింది కదా, ఇంకొంచెం వేస్తే మిగిలింది కూడా వస్తుందని. బాపుకు వాంతులు పట్టుకున్నాయి, తల తిరుగుతోందని మంచం దిగలేదు. నాకు తెలిసిన వెంటనే ఫోన్లో డాక్టరమ్మను కలిపాను.

“అమ్మా, ఆపెయ్యండి,” అంది ఆమె. “ఇప్పుడు లోపల పెరిగే వైరస్ లేదు. ఆ మందు పట్టుకోవడానికి ఏమీ లేదు. ఉట్టిగ కిడ్నీకి బరువు.”

“ఇంకో మందు రాసియ్యి బిడ్డా. ఏదన్న ఒకటి.”

“లేదమ్మా.”

“పెద్ద దవాఖానల?”

“ఎక్కడా లేదు.”

అమ్మ ఫోన్ పెట్టేసింది. చాలా రోజులు నాతో కూడా సరిగా మాట్లాడలేదు.

ఒకసారి ఇద్దరినీ కల్వకుర్తికి తెచ్చుకున్నాను. కొత్త ఇంట్లో బాపుకు స్నానాల గది ఎటుందో రోజూ చూపించాల్సి వచ్చేది. పొద్దున లేవగానే ఇది ఎవరి ఇల్లని భయపడేవాడు. మా పిల్లలను చూసి ప్రతిరోజూ కొత్తగా పేరు అడిగేవాడు. మొదట వాళ్లు ఆటగా చెప్పేవాళ్లు, తర్వాత ఎదురుపడడం తగ్గించారు. ఒకరోజు దుకాణం ముందు నుంచి నడుచుకుంటూ శ్రీశైలం రోడ్డెక్కాడు. ఎవరో చాయ్ హోటల్ వాళ్లు కూర్చోబెట్టారు. అమ్మ ఆ రోజే మూట కట్టింది. ఊళ్లో అయితే కనీసం కాళ్లకు దారి తెలుస్తుంది అంది.

మంద చిన్నాయిన దగ్గరుంది. అమ్మేయమంటే వినడు. బాపు మోకులు పేనుతాడు. ఆ పని చేతులు మరిచిపోలేదు. ఎంత పేనాడో ఆయనకు తెలియదు, ఆపమంటే తప్ప ఆపడు. ఫిట్స్ మాత్రలు మాత్రం రోజూ వేయాలి.

మొన్న పోయినప్పుడు వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ అమ్మ అడిగింది.

“ఆ మందు ఎక్కియ్యకపోతే మీ బాపు బతికెటోడు కాదు గద?”

“బతికెటోడు కాదు.”

“ఎక్కిచ్చినం. బతికిండు.” గింజలు ఏరుతూనే ఉంది. “నువ్వు సదువుకున్నదానివి, నువ్వు జెప్పు. నేను అడిగినట్టే ఇచ్చిండ్రు కద దవాఖానోళ్లు. ఎట్లున్నా ఇయ్యుండ్రి అన్న. మరి నాకెందుకే గింత దుఃఖం?”

నేను చింతపండు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఇంతలో బాపు లేచి గేటు తీసుకుని బయటికి నడిచాడు. అమ్మ చేట పక్కన పెట్టి, “ఆగు, యాడికి? ఆగు,” అంటూ ఆయన వెనక ఉరికింది.